శ్యామాచరణ్ దుబే: ఛత్తీస్‌గఢ్ పాటల నుండి శామీర్‌పేట వఱకు

బిలాస్‌పూర్ రైలుమార్గము పెంచిన పట్టణము. పందొమ్మిదవ శతాబ్ది తుదిభాగమున బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ప్రాంతమునకు వచ్చినది. ఆ సంస్థ మార్గములు కళింగాంధ్ర తీరము వఱకు వ్యాపించుటచే శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల తెలుగువారు పనులకై బయలుదేరి, ఖరగ్‌పూర్‌లో వలెనే ఇచ్చటను స్థిరపడిరి. 1955లో ఈ మార్గములు ఆగ్నేయ రైల్వేలో చేరినవి. 2003లో బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానమైనది. సంస్థ పేరు ఎన్నిసార్లు మాఱినను రైల్వే క్వార్టర్లలో తెలుగు వినబడుచునే యున్నది.

కొన్నియేండ్ల క్రిందట ఈ క్వార్టర్లలోని తెలుగు కుటుంబముల భాషావ్యవహారమును గూర్చి వివరములు సేకరించుచు, పదియేండ్ల బాలు నొకనిని ఇంటిపేరేమని యడిగితిని. వాడు తడుముకొనక తమ బ్లాకును, క్వార్టరు సంఖ్యను చెప్పెను. లోపలినుండి వాని నాయనమ్మ నవ్వుచు వచ్చి అసలు ఇంటిపేరు చెప్పి, మనుమని తలపై మెల్లగా మొట్టినది. ఆలోచించి చూడగా బాలుడు తప్పు చెప్పలేదు. వాని యెఱుకలో ఇంటికున్న పేరు అదియే. ఆ సంఖ్యతోపాటు తమ క్వార్టరు ఏ తరగతికి చెందినదో, ఏ వరుసలోని పిల్లలతో తాను ఆడుకొనవచ్చునో కూడ వానికి తెలియును. సమాజశాస్త్ర పాఠ్యగ్రంథములు సామాజికీకరణమనియు, అసమానత యనియు రెండధ్యాయములుగా బోధించునవి వాని ఒక్క మాటలో ఇమిడియున్నవి. మూడవ అధ్యాయమగు పరిశోధన పద్ధతికి సంబంధించిన తప్పు మాత్రము నాది. అడిగిన ప్రశ్న విన్నవానికి ఏ యర్థమునిచ్చునో నేను ముందుగా విచారింపలేదు.

ఆ సాయంకాలము శ్యామాచరణ్ దుబే రచించిన ‘ఇండియన్ విలేజ్’ అను గ్రంథమును మరల తెఱచితిని. తెలుగువారి ఇంటిపేర్లను గూర్చి, వాని సామాజిక ప్రయోజనమును గూర్చి పరస్థలీయుడగు పండితుడు శ్రద్ధతో వ్రాసిన గ్రంథములలో అది యొకటి. ఛత్తీస్‌గఢ్ పాటలతో పరిశోధన నారంభించి, తెలంగాణములోని ఒక గ్రామమును గూర్చిన గ్రంథముతో దేశాంతరముల ఖ్యాతినొందినవారాయన. ఆయన సిద్ధాంతముల బలాబలములను సమాజశాస్త్ర విభాగములవారు నిర్ణయింతురు గాక. తనది కాని భాషలో బ్రదుకు జనుల నడుమకు పోయి ఆయన ఏమి వినగలిగిరి, ఏమి విడిచిరి అనునది మాత్రము భాషావిద్యార్థులు కూడ అడుగదగిన ప్రశ్న. ఆ దృష్టితోనే ఆయన జీవితమును ఇచ్చట చెప్పుచున్నాను.

దుబే 1922 జూలై 25వ తేదీని అప్పటి మధ్యపరగణాలలో జన్మించిరి. నాగపూర్ రాజధానిగా నున్న ఆ పరగణాలలో హిందీ, మరాఠీ ప్రాంతములతో పాటు ఛత్తీస్‌గఢ్ మైదానమును, దాని చుట్టునున్న అడవులును చేరియుండెను. ఆయన మాతృభాష హిందీ. నాగపూర్ విశ్వవిద్యాలయమున అభ్యసించినది రాజనీతిశాస్త్రము. మానవశాస్త్రమును ఆయన తరగతిగదిలో కంటె అడవిలోనే అధికముగా నేర్చిరని చెప్పిన తప్పు కాదు. ఆ కాలమున ఈ దేశమున మానవశాస్త్రమును బోధించు విభాగములే స్వల్పము. చాలమంది వేఱు శాస్త్రముల నుండియే అటువైపు వచ్చిరి.

ఆయన తొలి శ్రద్ధ పాటలపై నిలిచినది. పొలములందును అడవులందును స్త్రీపురుషులు ప్రశ్నోత్తరములుగా పాడుకొను దదరియాలు, సామూహిక నృత్యముతో సాగు కర్మాలు, దీపావళి వేళ స్త్రీలు చిలుక నుద్దేశించి పాడు సువా గీతములు ఛత్తీస్‌గఢ్ నందు ప్రసిద్ధములు. ఈ గేయసంపదను వెరియర్ ఎల్విన్ 1946లో ఒక పెద్ద సంపుటముగా ఆంగ్లపాఠకులకందించెను. మఱుసటి సంవత్సరముననే దుబే తన ‘ఫీల్డ్ సాంగ్స్ ఆఫ్ ఛత్తీస్‌గఢ్’ను లక్నోలో ప్రకటించిరి. ఎల్విన్ సంపుటము ముందు అది చిన్న పుస్తకమే. కాని దానిని కూర్చినవారు ఈ ప్రాంతపు పలుకును దగ్గరగా వినుచు పెరిగినవారు. మన తెలుగుదేశమున జానపదగేయములను సేకరించినవారు పాటను సాహిత్యముగా మాత్రమే భద్రపఱచి, పాడినవారి కులమును, కూలిని, వేళను వ్రాసికొనక విడిచిన సందర్భములు పెక్కు. దుబే పాట నుండి పాడువారి వైపు నడచిరి. ఆ నడకయే ఆయనను పరిశోధకునిగా చేసినది.

నడచి చేరినది కమారుల యొద్దకు. గరియాబంద్, ధమ్తరి ప్రాంతముల అడవులలో, ఒరిస్సా సరిహద్దు వైపు, విస్తరించియున్న చిన్న తెగ అది. అడవిని నఱికి, కాల్చి, ఆ బూడిదలో విత్తుట వారి పూర్వవృత్తి. అటవీశాఖ నిబంధనలు ఆ వ్యవసాయమును అరికట్టిన కొలది వెదురుపనియు, కూలియు వారికి ఆధారములైనవి. వారి భాష ఆర్యభాషా కుటుంబమునకు చెందినది. కావున కమారుల మాట దుబేకు దుర్గమము కాలేదు. ఈ పరిశోధనకే నాగపూర్ విశ్వవిద్యాలయము ఆయనకు డాక్టరేటు పట్టము నొసగినది. 1951లో ‘ది కమార్’ గ్రంథరూపము దాల్చినది. తెగ ఉత్పత్తిని గూర్చిన పురాణములు, కుటుంబము, పెండ్లి, తప్పులకు పంచాయితి విధించు దండనలు, దేవతలు, మంత్రములు అన్నియు అందు వరుసగా వర్ణింపబడినవి. ఆనాటి తెగల వర్ణనలన్నియు ఇంచుమించు ఈ క్రమముననే యుండును. ఐనను అడవి చట్టములు ఒక జాతి బ్రదుకును ఎట్లు మార్చినవో చూపిన పుటలు ఈనాడును చదువదగినవి. కమారులు నేటి ఛత్తీస్‌గఢ్‌లో విశేష దుర్బల స్థితిలోనున్న తెగలుగా కేంద్రప్రభుత్వము గుర్తించినవారిలో ఒకరు.

నాగపూర్‌లో కొంతకాలము బోధించిన పిమ్మట దుబే లక్నో విశ్వవిద్యాలయమునకు వెడలిరి. అచ్చట డి. ఎన్. మజుందార్ సాహచర్యము లభించినది. అటుపిమ్మట హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయము. ఇచ్చట ఒక్క మాట చెప్పవలసియున్నది. ఉస్మానియాలో మానవశాస్త్రమునకు బాట వేసినవాడు ఆస్ట్రియా దేశీయుడగు ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. నిజాము ప్రభుత్వమునకు సలహాదారుగా నుండి చెంచులను, కొండరెడ్లను, ఆదిలాబాదు రాజగోండులను గూర్చి పెద్ద గ్రంథములు వ్రాసినవాడు. ఆయన దృష్టి యంతయు కొండలమీదను, అడవులమీదను నిలిచినది. తెలంగాణములోని సామాన్యమైన మైదానపు గ్రామము, కాపులు, గొల్లలు, సాలెలు, మాలలు, మాదిగలు కలసి విడివిడిగా బ్రదుకు ఊరు, అప్పటికి పరిశోధకుల కంటబడలేదు. తెగను చదివి వచ్చిన దుబే అట్టి ఊరిని ఎన్నుకొనిరి.

ఆ ఊరు శామీర్‌పేట. సికిందరాబాదుకు ఉత్తరముగా, కరీంనగరము పోవు దారిలో, పెద్ద చెఱువు నానుకొనియున్నది. 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు సంఘసేవా విస్తరణ పథకమును అచ్చట నడపిరి. వైద్యము, వ్యవసాయము, పశువైద్యము, విద్య మొదలగు శాఖల అధ్యాపకులును విద్యార్థులును ఊరిలో పనిచేసిరి. సామాజిక పరిశోధనకు దుబే నాయకత్వము వహించిరి. ఒక పరిశోధకుడు ఒంటరిగా ఊరిలో గుడిసె వేసికొని ఏడాదులు గడపుట ఆనాటి ఆంగ్ల మానవశాస్త్రమున ఆదర్శము. దుబే పద్ధతి దానికి భిన్నము. ఇల్లిల్లు తిరిగి పట్టికలు నింపుట, వంశావళులు వ్రాసికొనుట, కొందఱి జీవితకథలను వారిచేతనే చెప్పించుట, పండుగలలోను తగవులలోను ప్రక్కన నిలిచి చూచుట అన్నియు అనేకుల చేతులమీదుగా జరిగినవి. మందు ఇచ్చిన వైద్యునికి చెప్పిన మాటలు పట్టిక పట్టుకొని వచ్చిన విద్యార్థికి చెప్పరు. ఎద్దును చూడవచ్చిన పశువైద్యునితో అప్పు సంగతి ప్రసక్తానుప్రసక్తముగా వచ్చును. వేఱువేఱు శాఖలవారు ఊరిలో నుండుట వలన వేఱువేఱు మాటలు చెవినిబడు వీలు కలిగినది. తెలుగు తన భాష కాని పరిశోధకునకు ఇది గొప్ప సాధనము. సంకటమును ఇందే కలదు. వినిన చెవులు పెక్కు, వ్రాసిన చేయి ఒక్కటి. మధ్యనున్న అనువాదము గ్రంథమున కానరాదు.

గ్రంథమునకు పెట్టిన పేరు ఏకవచనమున నున్నది గదా, ఇది భారతీయ గ్రామములన్నిటికిని ప్రతినిధియా యని అడుగువారుందురు. ఏ ఒక్క గ్రామమును దేశమునకే గాదు, తన సాంస్కృతిక మండలమునకును పూర్ణముగా ప్రతినిధి కాజాలదని దుబే స్వయముగా హెచ్చరించిరి. తరువాతివారు ఈ హెచ్చరికను తఱచుగా మఱచి, శామీర్‌పేట లక్షణములను భారతగ్రామ లక్షణములుగా పరీక్షలకు వల్లించుట జరుగుచున్నది.

ఇక భాష సంగతి. ‘ఇండియన్ విలేజ్’ ఆంగ్లగ్రంథమైనను, దానిలో చెదరియున్న తెలుగు మాటలను ఏరినచో తెలంగాణపు పలుకుబడికి 1950ల తొలినాటి సాక్ష్యము లభించును. చాకలిని దుబే సాకలి యనియే వ్రాసిరి. కోస్తా గ్రంథములలో ఈడిగయని కనబడు కల్లుగీత కులమును గౌండ్ల యనిరి. ఎఱుకలను ఎర్కల యనియు, గ్రామములు తిరిగి యాచించు వారిని పిచ్చకుంట్ల యనియు వ్రాసిరి. మన నిఘంటువులలో తీరాంధ్రపు రూపములు శిష్టములుగాను, ఇవి గ్రామ్యములుగాను పరిగణింపబడిన కాలమది. తెలుగు నిఘంటువును ముందుంచుకొనని పరభాషీయుడు విన్నది విన్నట్లు వ్రాయుటచే, మన పండితులు దిద్దియుండెడి మాటలు దిద్దబడక మిగిలినవి. ఆయన ఎఱుకలేమి మనకు మేలు చేసినది. ఐతే రోమన్ లిపిలో దీర్ఘహ్రస్వభేదము సరిగా తెలియదు, ద-డలు, త-టలు కలసిపోయినవి. ఊరివారిని విచారింపక ఆ మాటలను తెలుగు లిపిలోనికి దింపినచో క్రొత్త తప్పులు పుట్టును. ఈ పదములను వర్ణనిర్ణయముతో సంకలనము చేయుట మన విభాగములు పూనుకొనదగిన పని. ఆనాటి పలుకు నెఱిగిన వృద్ధులు ఏటేట తఱుగుచున్నారు.

ఇంటిపేరు సంగతి చూడుడు. ఒకే కులములో ఒకే ఇంటిపేరు కలవారు వివాహము చేసికొనరాదు. కావున ఇంటిపేరు తెలుగువానికి ముందుగా పెండ్లి నియమము, ఆ తరువాతనే గుర్తింపు చిహ్నము. దుబే దీనిని గ్రహించిరి. మేనరికమును గ్రహించుట ఆయనకు ఇంకను సులభమై యుండవలెను. హిందీ ప్రాంతపు అగ్రకులములలో మేనమామ కూతురు సోదరి వంటిది. అట్టి సంప్రదాయమున పుట్టినవారికి తెలుగువారి మేనరికము మొదట విడ్డూరమగును. కాని ఛత్తీస్‌గఢ్ గోండులలో అట్టి సంబంధములు కలవు. ఒక తరమున ఇచ్చిన పిల్లకు బదులు తరువాతి తరమున పిల్లను తెచ్చుటను వారు పాలు తిరిగి యిచ్చుట యందురు. అడవిని చదివినవారికి ఊరు తెలియుటకు అది మెట్టైనది. ఇట్టి సందర్భమున మన భాష చెప్పు సాక్ష్యము గ్రంథమున ఇంకను విపులముగా రావలసినది. తెలుగున తల్లి సోదరుడును మామయే, భార్య తండ్రియు మామయే. హిందీలో ఒకడు మామా, వేఱొకడు ససుర్. పసిబిడ్డ మామ యను మాటను నేర్చిన దినముననే తనకు పిల్లనీయదగిన ఇల్లేదో నేర్చుచున్నాడు. సామాజికీకరణమునకు ఇంతకంటె తేటయైన ఉదాహరణము పాఠ్యగ్రంథములలో నాకు కనబడలేదు.

అసమానతను గూర్చి దుబే చెప్పినది ఈ గ్రంథమునకు గుండెకాయ వంటిది. అంతకుముందు వ్రాసినవారు అధికులు ఊరి తారతమ్యము నంతను కులముతో ముడివేసిరి. దుబే శామీర్‌పేటలో ఒకని హోదాను నిర్ణయించు అంశములు ఆరు కనుగొనిరి. మతకులములు మొదటిది. భూస్వామ్యము, ధనము, ప్రభుత్వోద్యోగమున గాని గ్రామవ్యవస్థలో గాని గల స్థానము, వయస్సు, వ్యక్తి యొక్క గుణవిశేషము తక్కినవి. భూమిని ధనమునుండి వేఱుచేయుటలో సూక్ష్మము కలదు. వ్యాపారమున గడించినవాని రూకలకు ఊరిలో విలువ యున్నను, పొలము లేనివాడు పెద్దమనిషి కాలేడు. కుర్రవాడైన పట్వారీ యెదుట ముసలి రైతు లేచి నిలుచును. ఆ ముసలివాడే తన వాడలో తగవు తీర్చునపుడు అందఱును వినుచుందురు. ఈ ఆరు పోగులును ఒకే దిశకు లాగినచోట మనుష్యుడు కదలలేడు. ఎదురెదురుగా లాగినచోట కొంత మెసలుటకు వీలు దొరకును. కుల మొక్కటే సర్వమనువారికిని, ధన మొక్కటే సర్వమనువారికిని ఇది నచ్చదు. ఆరింటికిని సమానబలము లేదనియు, మొదటి రెండును తక్కినవానిని పెక్కుమారులు మ్రింగివేయుననియు నా యభిప్రాయము.

తెలుగు వ్యాకరణమును ఎఱిగినవారు ఈ ఆరింటిని సర్వనామములలోనే వినగలరు. నీవు, మీరు, వాడు, అతడు, ఆయన, రా, రండు. భూస్వామి కుమారుడు పదియేండ్లవాడైనను దొర. అతని పొలమున పనిచేయు అరువదియేండ్ల మనిషి వాడు. వయస్సు కులముతో పోరాడి ఓడిన స్థలము క్రియాప్రత్యయమే. సంబోధనలను పట్టికగా వేసి ఎవరు ఎవరిని ఏ ప్రత్యయముతో పిలిచెదరో లెక్కించినచో హోదాక్రమము ఒక్క వారమున తేలును. హిందీలో తూ, తుమ్, ఆప్ అను మూడు మెట్లనెఱిగిన దుబేకు ఈ మార్గము తెలియనిది కాదు. ఆయన ఆ వైపు పోలేదు. తెలుగు స్వయముగా వచ్చినవారే పోగల త్రోవ అది.

కులముల క్రమమును వ్రాయుటలో ఆయన చూపిన నిష్పాక్షికత మెచ్చదగినది. కంసాలి, కమ్మరి, వడ్రంగి మొదలగు పంచబ్రహ్మలు యజ్ఞోపవీతము ధరించి తమది ఉన్నతస్థానమని చెప్పుకొందురు. ఇతరులు దానిని ఒప్పుకొనరు. దుబే ఈ రెండు మాటలను ప్రక్కప్రక్కన ఉంచిరి. ఎవరి మాట శాస్త్రసమ్మతమని పుస్తకములు వెదకుటకు పోలేదు. ఊరిలో స్థానమనునది అంగీకృతమైన సత్యము కాదు, నిత్యము సాగు వివాదము.

ఒక లోటును చెప్పక తప్పదు. 1948 సెప్టెంబరులో పోలీసుచర్య జరిగి నిజాము పాలన ముగిసినది. 1949లో జాగీర్దారీ రద్దయినది. 1950లో కౌలుదారీ చట్టము వచ్చినది. నల్లగొండ, వరంగల్లు గ్రామములను కుదిపిన సాయుధపోరాటము 1951 అక్టోబరులో విరమింపబడినది, అనగా దుబే బృందము శామీర్‌పేటలో పట్టికలు నింపుచున్న కాలముననే. గ్రంథపు తుది అధ్యాయము మార్పులను వర్ణించును. కాని భూమికై, వెట్టికి వ్యతిరేకముగా, ఈ భాషలోనే పాటలు పుట్టి ఊళ్ళు లేచిన ఆ సంగతి గ్రంథమునకు కేంద్రము కాలేదు. శామీర్‌పేట రాజధానికి సమీపమున నుండుట, విశ్వవిద్యాలయ పథకము సేవాపథకమగుట దీనికి కారణములై యుండవచ్చును. సేవ చేయవచ్చినవారు తగవులను తక్కువగా చూచుట సహజము. ఛత్తీస్‌గఢ్‌లో పాట వెంట నడచి మనుష్యులను చేరిన పరిశోధకుడు తెలంగాణములో ఆ పాటలవెంట నడువకపోవుట, తెలుగు పాఠకునకు కొఱతగా తోచును.

1955లో గ్రంథము లండనులో వెలువడినది. కార్నెల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు మోరిస్ ఆప్లర్ పీఠిక వ్రాసెను. ఎం. ఎన్. శ్రీనివాస్ సంపాదకత్వమున ‘ఇండియాస్ విలేజెస్’, మెకిమ్ మారియట్ సంపాదకత్వమున ‘విలేజ్ ఇండియా’ ఆ సంవత్సరముననే వచ్చినవి. మొదటిదానిలో దుబే దక్కను గ్రామమును గూర్చి ఒక వ్యాసము వ్రాసిరి. భారతీయ సమాజశాస్త్రము ధర్మశాస్త్ర గ్రంథముల నుండి పొలముల వైపు తిరిగిన సంవత్సరము 1955 అని చరిత్రకారులు చెప్పుదురు. ఆ మలుపున నిలిచిన నాలుగైదు ఊళ్ళలో తెలుగు ఊరొకటి యగుటకు కారణము ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చిన హిందీవాడు.

తరువాత ఆయన దృష్టి సముదాయాభివృద్ధి పథకములపై పడినది. పశ్చిమ ఉత్తరప్రదేశపు గ్రామములను పరిశీలించి 1958లో ‘ఇండియాస్ చేంజింగ్ విలేజెస్’ ప్రకటించిరి. వ్యవసాయ విస్తరణ వలన కలిగిన ప్రయోజనములలో ఇంచుమించు 70 శాతము అంతకుముందే సంపన్నులు, పలుకుబడి కలవారునగు రైతులకే చేరినదని అందు తేల్చిరి. దేశమంతయు పథకములను కీర్తించుచున్న కాలమున, ప్రభుత్వ సహకారముతో పరిశోధన చేసినవారు ఈ మాట వ్రాయుట సామాన్యము కాదు. గ్రామసేవకుడు ఊరివారికి తమ మనిషిగా గాక ప్రభుత్వపు మనిషిగా కనబడుటయు, వాడుక కాని మాటలతో ఉపన్యసించుటయు కూడ ఆయన గమనించిరి. అభివృద్ధి విఫలమగుటలో భాషకు పాలున్నదని చెప్పిన తొలివారిలో ఆయనను లెక్కింపవచ్చును.

1968లో వ్రాసిన ఒక వ్యాసము మఱొక వివాదమునకు దారితీసెను. కర్ణాటకములోని రామపుర గ్రామమును పరిశీలించి శ్రీనివాస్ ప్రబలకుల మను భావనను ప్రతిపాదించియుండెను. జనసంఖ్య, భూమి, అధికారము గల కులము ఊరినేలునని దాని సారము. ఏలునది కులము కాదు, ఆ కులములోని కొన్ని కుటుంబములు, కొందఱు వ్యక్తులు మాత్రమే; తక్కినవారు ఆ కులమువారైనను ఏలుబడికి లోబడినవారే యని దుబే వాదించిరి. శామీర్‌పేటలో చూచిన ఆరు పోగులకు ఇది సహజమైన కొనసాగింపు. ఈనాడు ఎన్నికల వేళ కులముల పేర్లతో లెక్కలు వేయువారు ఆ వ్యాసమును ఒకసారి చదివిన బాగుండును.

ఉద్యోగముల వివరములను త్వరగా చెప్పెదను. భారత మానవశాస్త్ర సర్వేక్షణలో ఉపనిర్దేశకత్వము, ముస్సోరిలోని సముదాయాభివృద్ధి పరిశోధనసంస్థలో పరిశోధన నిర్దేశకత్వము, సాగర్ విశ్వవిద్యాలయమున మానవశాస్త్ర ఆచార్యత్వము, 1970లలో సిమ్లా ఉన్నత అధ్యయన సంస్థ నిర్దేశకత్వము, అటుపిమ్మట జమ్మూ విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షత. ముస్సోరి సంస్థ తరువాతి కాలమున హైదరాబాదు రాజేంద్రనగరమునకు తరలి నేటి జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ యైనది. భారతీయ సమాజశాస్త్ర పరిషత్తుకును ఆయన అధ్యక్షులైరి.

పదవులకంటె భాషాపండితులకు ముఖ్యమైనది వేఱొకటి. దుబే హిందీలో వ్రాయుట మానలేదు. 1960లో ‘మానవ్ ఔర్ సంస్కృతి’ ప్రకటించి, మానవశాస్త్ర ప్రారంభగ్రంథమును ఆంగ్లము తెలియని విద్యార్థికి అందించిరి. జీవితపు చివరి దశలో సంప్రదాయము, చరిత్రస్పృహ, సంస్కృతి అను విషయములపై ఆయన వ్రాసిన హిందీ గ్రంథమునకు 1993వ సంవత్సరపు మూర్తిదేవి పురస్కారము వచ్చినది. భారతీయ జ్ఞానపీఠము ఆ గౌరవమును సమాజశాస్త్రజ్ఞున కొసగుట అరుదు. మన తెలుగున సమాజశాస్త్ర గ్రంథములలో అధికములు పరీక్షల కొఱకు అనువదింపబడినవే. పరిభాష అకాడమీలలో పుట్టి పరీక్షాపత్రములలో ముగియును. దుబే హిందీలో పరిభాష వాక్యములో పుట్టినది, చదివి చూడుడు.

ఆయన సతీమణి లీలా దుబేను ప్రస్తావింపక ఈ చరిత్ర పూర్తి కాదు. 1923లో జన్మించిన ఆమె ఛత్తీస్‌గఢ్ గోండు స్త్రీలను గూర్చి పరిశోధించి నాగపూర్‌లోనే డాక్టరేటు నొందిరి. సాగర్‌లో బోధించిరి. లక్షద్వీపములలోని మాతృవంశీయ ముస్లిములను గూర్చి 1969లో గ్రంథము వ్రాసిరి. స్త్రీల స్థితిని గూర్చి 1974లో వెలువడిన ‘టువార్డ్స్ ఈక్వాలిటీ’ నివేదికను సిద్ధపఱచిన సంఘమున సభ్యురాలు. 1988లో హిందూ బాలికల పెంపకమును గూర్చి ఆమె వ్రాసిన వ్యాసమును సామాజికీకరణము బోధించు ప్రతివాఱును చదువుదురు. ఆడపిల్ల ఎట్లు కూర్చుండవలెను, ఎంత తినవలెను, ఎవరికి వడ్డింపవలెను, పుట్టింట తాను అతిథి యన్నది ఏ పాటలలో, ఏ వ్రతములలో నేర్చునో ఆమె వివరించిరి. రజస్వల కాగానే ఉత్సవముచేయు దక్షిణాది ఆచారమును, దానిని దాచు ఉత్తరాది ఆచారముతో పోల్చి చూచిరి. శామీర్‌పేట హోదాకు చెప్పిన ఆరంశములలో స్త్రీపురుష భేదము ప్రత్యేకముగా లేదని గమనింపవలెను. భర్త గ్రంథమున ఖాళీగా నిలిచిన ఏడవ గడిని ముప్పదియేండ్లకు పైబడిన పిమ్మట భార్య నింపినట్లయినది. ఆమె 2012లో కీర్తిశేషులైరి.

శ్యామాచరణ్ దుబే 1996 ఫిబ్రవరి 4వ తేదీని మరణించిరి. రెండేండ్లకు, 1998లో, ఆయన కుమారుడు చరిత్రకారుడగు సౌరభ్ దుబే ఛత్తీస్‌గఢ్ సత్‌నామీల చరిత్రను గ్రంథముగా ప్రకటించెను. అస్పృశ్యులుగా నెట్టివేయబడినవారు గురు ఘాసీదాస్ బోధతో క్రొత్త సమూహముగా నిలిచి, విగ్రహములను, కులపు మెట్లను త్రోసివేసి, మరల తమలో తాము ఎట్టి మెట్లు కట్టుకొనిరో చెప్పు గ్రంథమది. బిలాస్‌పూర్‌లో 1983లో స్థాపింపబడి 2009లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన సంస్థ ఆ గురు ఘాసీదాస్ పేరనే వెలసియున్నది. తండ్రి పాటలను సేకరించిన నేలకు కుమారుడు పత్రములతోను, మౌఖిక కథలతోను తిరిగివచ్చినట్లు కనబడును.

శామీర్‌పేట 1956లో ఆంధ్రప్రదేశమునను, 2014లో తెలంగాణ రాష్ట్రమునను చేరినది. చెఱువు కలదు. బాహ్యవలయ రహదారి ప్రక్కగా పోవును. 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయశాస్త్ర విశ్వవిద్యాలయము అచ్చటనే యున్నది. హోదాను తీర్చు పోగులలో భూమి యిప్పుడు పంటవలన గాక చదరపుగజము వెల వలన బలము పొందినది.

రైల్వే క్వార్టర్ల పట్టికలో నేను తరువాత ప్రశ్న మార్చితిని. ఇంటిపేరేమని యడుగుట మానితిని. పెండ్లి మాటలు వచ్చినపుడు మీ యింటివారిని ఏమని చెప్పుదురని అడుగుచున్నాను. క్వార్టరు సంఖ్యకు వేఱొక గడి వేసితిని. ఆ బాలుని నాయనమ్మ రెండింటికిని సమాధానము చెప్పి, తమ తరగతి క్వార్టరువారు పై తరగతివారి యింటికి పిల్లనడుగ బోరని అడుగకనే చేర్చినది. దానికి పట్టికలో గడి లేదు. అంచున వ్రాసికొంటిని.